పాత కారుకు బీమా ఎంత ఉండవలెను?

మా కళాశాలలో చాలా కాలం ఉర్దూ బోధించి విశ్రాంతి తీసుకొన్న పెద్దలొకరు వేసవి సెలవులకు ముందు నా గదికి వచ్చి, బల్ల మీద రెండు కాగితాలు పెట్టినారు. రెండూ బీమా కంపెనీ పంపిన ప్రీమియం అంచనాలు. ఆయన కారు కొని పన్నెండేండ్లు అయినది. ఒక కాగితంలో థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నది. రెండవదానిలో బండికి కలిగే నష్టం కూడా చేరిన సమగ్ర బీమా ఉన్నది. రెండింటి మధ్య తేడా సుమారు రూ. 2,400.

"కామర్సు చెప్పేవారు మీరు. ఈ ముసలి బండికి ఇంత బీమా అవసరమా, సార్?" అని అడిగినారు.

"అవసరం లేదు, మాస్టారూ. బండి విలువ తగ్గినది కనుక చిన్న పాలసీ చాలు" అన్నాను. ఆయన కాగితాలు మడిచి లేచినారు. వాకిలి దాకా వెళ్లి ఆగి, "వారానికి ఒకసారి మా భాభీని హైదరాబాదు ఆసుపత్రికి ఈ బండిలోనే తీసుకొని పోతున్నాను. నేను నడుపుతుండగా ఆమెకు ఏదైనా జరిగితే ఈ చిన్న పాలసీ చూసుకొంటుందా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. "రేపు చెబుతాను" అన్నాను. తొందరపడి ఇచ్చిన ఆ సలహాను సరిదిద్దుకొనుటకు చేసిన విచారణయే ఈ వ్యాసం. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో పాత కారు ఒకటి ఉన్నది. కొందరు చదువు ముగియగానే పాత కారే కొనబోతున్నారు. వారికి కూడా ఇది ఉపయోగపడునని ఇక్కడ వ్రాస్తున్నాను.

మాట వెనుక ఉన్న భయం

'బీమా' అనే మాట ఫార్సీ నుండి ఉర్దూలోనికి, అక్కడ నుండి మన తెలుగులోనికి వచ్చినది. ఫార్సీలో 'బీమ్' అనగా భయం. ఈ సంగతి నాకు చెప్పినది కూడా ఆ ఉర్దూ మాస్టారే. కావున ఎంత బీమా కావలెనని అడుగుటకు ముందు, దేనికి భయపడుతున్నామో తేల్చుకోవలెను. కారు యజమానికి మూడు భయాలు ఉన్నవి. మొదటిది, తన బండి వలన ఇతరులకు కలిగే హాని. రెండవది, తన బండికే కలిగే నష్టం. మూడవది, తన బండిలో కూర్చున్నవారికి కలిగే హాని. బండి పాతబడిన కొలది ఈ మూడింటిలో ఒక్క రెండవ భయమే తగ్గుతుంది. నేను చేసిన పొరపాటు, ఆ ఒక్కదానిని చూసి మూడూ తగ్గినవని అనుకొనుట.

మొదటి భయం: బాటసారికి బండి వయస్సు తెలియదు

ఇతరులకు కలిగే హానికి బీమా ఉండితీరవలెనన్న నియమం కొత్తది కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని ఆ అధ్యాయం 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రస్తుతం 1988 చట్టంలోని 146వ సెక్షను ఆ పని చేస్తున్నది. బీమా లేకుండా బండి నడిపినచో, 2019 సవరణ తరువాత 196వ సెక్షను ప్రకారం మొదటి తప్పుకు రూ. 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. మరల చేసినచో జరిమానా రూ. 4,000.

అయితే అసలు భయం జరిమానా కాదు. ఒక లెక్క చూడుడు. ముప్పై ఏండ్ల వయస్సు గల చిరువ్యాపారి ఒకడు ఒక కారు ప్రమాదంలో మరణించినాడనుకొందాం. తప్పు కారు నడిపినవానిదే. మృతుని నెలసరి సంపాదన రూ. 15,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడి ఉన్నారు. 2009లోను, 2017లోను సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులలోని సూత్రాలను అనుసరించి ట్రిబ్యునలు పరిహారం లెక్కకట్టే తీరు ఇది:

నెలసరి సంపాదన: రూ. 15,000
భవిష్యత్తులో పెరుగుదలకు 40 శాతం చేర్చగా: రూ. 21,000
మృతుని స్వంత ఖర్చులకు నాలుగవ వంతు తీసివేయగా: రూ. 15,750
సంవత్సరానికి: రూ. 1,89,000
ఆ వయస్సుకు వర్తించే గుణకం 17తో హెచ్చవేయగా: రూ. 32,13,000

అంత్యక్రియలు మొదలగు పద్దుల క్రింద వచ్చే మొత్తాలు దీనికి అదనం. గుద్దిన కారు విలువ లక్ష రూపాయలైనా, పది లక్షలైనా ఈ లెక్కలో ఒక్క రూపాయి మారదు. బీమా లేనిచో ఈ మొత్తం యజమాని ఇంటి నుండి, పొలం నుండి, జీతం నుండి రావలసి ఉంటుంది.

థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ఈ న్యాయాన్నే అనుసరిస్తుంది. దానిని బండి వయస్సును బట్టి గాక, ఇంజను పరిమాణాన్ని బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టికలో 1000 సి.సి. దాటి 1500 సి.సి. వరకు గల సొంత కార్లకు అది రూ. 3,416. ఐదేండ్ల కారుకైనా, పదిహేనేండ్ల కారుకైనా ఒకటే రేటు. ఇతరుల మరణానికి, గాయాలకు ఈ బీమాలో గరిష్ఠ పరిమితి లేదు. ఇతరుల ఆస్తికి కలిగే నష్టానికి మాత్రం సొంత కార్ల విషయంలో రూ. 7,50,000 పరిమితి ఉన్నది. కొద్ది రూపాయలు మిగులునని ఆ పరిమితిని రూ. 6,000కు తగ్గించుకొనే అవకాశం కూడా ఉన్నది గాని, అది ఎవరికీ మంచిది కాదు.

రెండవ భయం: బండి నష్టం

ఇక్కడనే వయస్సు లెక్కకు వస్తుంది. బండి పూర్తిగా పోయినప్పుడు కంపెనీ చెల్లించే మొత్తాన్ని ఐ.డి.వి. అంటారు. దీనిని లెక్కించుటకు కొత్త బండి ధర నుండి తరుగుదల తీసివేస్తారు. మొదటి ఆరు నెలలలో 5 శాతం, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50 శాతం. ఐదేండ్లు దాటిన బండికి పట్టిక లేదు. కంపెనీ, యజమాని మాట్లాడుకొని విలువను నిర్ణయించుకోవలెను. అనగా పాత కారు యజమానికి బేరమాడే హక్కు ఉన్నది.

మాస్టారి కారుకు కంపెనీ వ్రాసిన విలువ రూ. 1,20,000. బండి నష్టానికి సంబంధించిన ప్రీమియం రూ. 4,800. అయిదేండ్లుగా ఒక్క క్లెయిము కూడా చేయలేదు కనుక అందులో 50 శాతం 'నో క్లెయిమ్ బోనస్' పోగా రూ. 2,400. పన్ను అదనం. దీనికి బదులుగా ఏమి లభిస్తుందో రెండు సందర్భాలలో చూద్దాం.

మొదటి సందర్భం, చిన్న ప్రమాదం. తలుపు నొక్కుకొనిపోయి, బంపరు విరిగి, షెడ్డులో రూ. 18,000 బిల్లు అయినదనుకొందాం. బంపరు రూ. 4,000, తలుపు రూ. 6,000, రంగు రూ. 4,000, కూలి రూ. 4,000. ప్లాస్టిక్కు, రబ్బరు భాగాలపై తరుగుదల 50 శాతం. లోహపు భాగాలపై తరుగుదల వయస్సును బట్టి పెరుగుతూ, పదేండ్లు దాటిన బండికి 50 శాతానికి చేరుతుంది. రంగు ఖర్చులో నాలుగవ వంతును సామగ్రిగా లెక్కించి, అందులో సగం తీసివేస్తారు. కావున కంపెనీ ఒప్పుకొనే మొత్తం ఇది:

బంపరుకు: రూ. 2,000
తలుపునకు: రూ. 3,000
రంగుకు: రూ. 3,500
కూలికి: రూ. 4,000
మొత్తం: రూ. 12,500

1500 సి.సి. వరకు గల కార్లకు ప్రతి క్లెయిములోను యజమాని తప్పనిసరిగా భరించవలసిన రూ. 1,000 పోగా, చేతికి వచ్చేది రూ. 11,500.

అయితే లెక్క ఇంతటితో ముగియలేదు. క్లెయిము చేసినందున మరుసటి సంవత్సరం బోనసు సున్న అవుతుంది. తరువాత క్లెయిము లేని ఒక్కొక్క సంవత్సరానికి అది 20, 25, 35, 45, 50 శాతాలుగా తిరిగి పెరుగుతుంది. మూల ప్రీమియం రూ. 4,800గానే ఉన్నదనుకొన్నచో, అయిదేండ్లలో అదనంగా కట్టవలసినది వరుసగా రూ. 2,400, 1,440, 1,200, 720, 240. మొత్తం రూ. 6,000. కావున రూ. 18,000 బిల్లుపై నిజమైన లాభం రూ. 5,500 మాత్రమే. బిల్లు రూ. 8,000 లేదా రూ. 9,000 అయినచో లాభమే ఉండకపోవచ్చును. పాత కారుకు చిన్న చిన్న గీతలకై బీమా తీసుకొనుట వృథా అని చెప్పుటకు ఈ లెక్క చాలును.

రెండవ సందర్భం, బండి పూర్తిగా పోవుట. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద, పెద్ద ప్రమాదం ఈ కోవలోనికి వస్తవి. మరమ్మతు ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతాన్ని మించినచో బండి పూర్తిగా నష్టమైనట్లే పరిగణిస్తారు. మాస్టారి బండికి ఆ హద్దు రూ. 90,000. అప్పుడు విడిభాగాల తరుగుదల లెక్క ఉండదు. రూ. 1,000 పోగా రూ. 1,19,000 లభిస్తుంది. రూ. 2,400కు రూ. 1,19,000 అనగా సుమారు యాభై ఏండ్ల ప్రీమియం ఒక్కసారిగా తిరిగి వచ్చినట్లు.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగిన సంగతి మన ప్రాంతంలో ఎవరు మరతురు? థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నచో, వరదలో మునిగిన బండికి ఒక్క రూపాయి కూడా రాదు. సమగ్ర పాలసీ ఉన్నవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవలెను. నీట మునిగిన బండిని స్టార్టు చేయరాదు. అట్లు చేయుట వలన ఇంజను చెడినచో, అది వరద నష్టం కాదని కంపెనీ త్రోసిపుచ్చే అవకాశం ఉన్నది.

కాబట్టి ఈ భాగంలో వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. రేపు ఉదయం లేచి చూసేసరికి బండి లేకపోయినచో, అప్పు చేయకుండా మరొక బండి కొనగలనా? లేదా బండి లేకుండా పని జరుపుకొనగలనా? 'ఔను' అన్నవారు ఈ భాగాన్ని వదలుకొనవచ్చును. 'కాదు' అన్నవారికి, బండి ఎంత పాతదైనా ఈ బీమా అవసరమే. ఇక్కడ చూడవలసినది బండి వయస్సు కాదు, యజమాని తట్టుకొనే శక్తి.

ప్రీమియం తగ్గునని ఐ.డి.వి.ని మరీ తగ్గించి వ్రాయించుకొనుట కూడా తెలివి కాదు. పై ఉదాహరణలో విలువను పది శాతం తగ్గించినచో మిగిలేది రూ. 240. బండి పోయిన రోజున తగ్గేది రూ. 12,000. ఖర్చు తగ్గించుకోదలచినవారు దానికి బదులు, ప్రతి క్లెయిములోను మరికొంత మొత్తాన్ని తామే భరించుటకు ఒప్పుకొని ప్రీమియంలో తగ్గింపు పొందవచ్చును. చిన్న క్లెయిముల వలన పెద్దగా లాభం లేదని పైన చూసినాము కనుక, పాత బండికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. అంతేగాక, 2007 జనవరి 1 నుండి ఈ భాగపు ప్రీమియాన్ని కంపెనీలే నిర్ణయించుకొంటున్నవి. నాలుగు చోట్ల అడిగి చూచుట వలన నష్టం లేదు.

మూడవ భయం: బండిలో కూర్చున్నవారు

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వస్తాను. థర్డ్ పార్టీ పాలసీ 'ఇతరులకు' అన్నప్పుడు, ఆ 'ఇతరులలో' మన బండిలో ఉచితంగా ప్రయాణించే చుట్టాలు, స్నేహితులు ఉన్నారా? చాలామంది ఉన్నారనే అనుకొంటారు. నేనూ అట్లే అనుకొన్నాను. కాని చట్టం కోరినంత మేరకే తీసుకొన్న పాలసీ, సొంత కారులో ఉచితంగా ప్రయాణించేవారికి వర్తించదని న్యాయస్థానాలు చెప్పుచు వచ్చినవి. సమగ్ర పాలసీ అయినచో కారులోని వారికి కూడా వర్తిస్తుందని 2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ తేడాను స్పష్టం చేసినది.

దీని అర్థం ఏమిటి? ఎదుటి బండి తప్పు వలన ప్రమాదం జరిగినచో, మాస్టారి భాభీగారు ఆ బండి బీమా నుండి పరిహారం కోరవచ్చును. తప్పు మాస్టారిదే అయి, ఆయనకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నచో, ఆమెకు కలిగిన హానికి కంపెనీ బాధ్యత వహించదు. ఆ భారం ఆయన మీదనే పడుతుంది. కర్నూలు నుండి హైదరాబాదుకు రెండువందల కిలోమీటర్లకు పైగా జాతీయ రహదారి. రోగిని తీసుకొని, తెల్లవారుజామున లేచి, నిద్ర చాలని కండ్లతో నడిపే పెద్దవయస్సు మనిషి. ఈ చిత్రాన్ని చూచిన తరువాత రూ. 2,400 బండికి కడుతున్న బీమాగా నాకు తోచలేదు. అది వెనుక సీటులో కూర్చున్న మనిషికి కడుతున్న బీమా.

మరి నడిపే యజమాని సంగతి? అతడు తన పాలసీకి తాను 'ఇతరుడు' కాజాలడు. అందుకై ప్రత్యేకంగా రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండవలెనని 2018లో నియంత్రణ సంస్థ ఉత్తర్వు ఇచ్చినది. అంత మొత్తానికి వేరొక ప్రమాద బీమా ఇంతకు మునుపే ఉన్నవారు మరల తీసుకోనక్కరలేదు. ప్రయాణికులకు కూడా తలకు ఇంత అని, ఎవరిది తప్పు అనే ప్రశ్న లేకుండా లభించే ప్రమాద బీమాను కొద్దిపాటి ప్రీమియంతో సమగ్ర పాలసీకి జతచేయించుకొనవచ్చును.

పాత బండి విషయంలో మరికొన్ని జాగ్రత్తలు

ఒకటి. పాత కారు కొన్నవారు, యాజమాన్యం మారిన పదునాలుగు రోజులలోగా బీమాను తమ పేరిట మార్చుటకు కంపెనీకి దరఖాస్తు పెట్టవలెను. థర్డ్ పార్టీ భాగం చట్టరీత్యా కొన్నవారికి బదిలీ అయినట్లే భావించబడుతుంది గాని, బండి నష్టపు భాగం దానంతట అది బదిలీ కాదు. అమ్మినవారు కూడా రిజిస్ట్రేషను పుస్తకంలో తమ పేరు మారువరకు నిశ్చింతగా ఉండరాదు. అందులో పేరున్నవారినే యజమానిగా పరిగణించి బాధ్యులను చేయవలెనని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది.

రెండు. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత బండిని అమ్మి మరొకటి కొన్నప్పుడు దానిని కొత్త బండికి మార్చుకొనవచ్చును. సమగ్ర పాలసీ గడువు తీరిన తొంబది రోజులలోగా పునరుద్ధరించనిచో అది పోతుంది. కావున ఒకటి రెండేండ్లలో కొత్త కారు కొనదలచినవారు, పాత కారుకు సమగ్ర బీమా మానివేయుటకు ముందు ఈ సంగతిని కూడా లెక్కలో వేసుకోవలెను.

మూడు. పాత కార్లకు గ్యాసు కిట్టు పెట్టించుకొన్నవారు దానిని రిజిస్ట్రేషను పుస్తకంలోను, పాలసీలోను వ్రాయించవలెను. నడిపేవారి లైసెన్సు గడువు కూడా చూసుకొంటూ ఉండవలెను. ఈ రెండింటిలో లోపం ఉన్నచో, కట్టిన ప్రీమియం అక్కరకు రాకపోవచ్చును.

నాలుగు. కంపెనీ న్యాయమైన క్లెయిమును నిరాకరించినచో మొదట దానికే ఫిర్యాదు వ్రాయవలెను. తృప్తికరమైన సమాధానం రానిచో, హైదరాబాదులో కార్యాలయం గల బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా విన్నవించుకొనవచ్చును.

ముగింపు

మరుసటి రోజు మాస్టారికి ఈ లెక్కలన్నీ చూపినాను. "నిన్న నేను బండిని మాత్రమే చూసి చెప్పినాను, మాస్టారూ. బండిలోని మనిషిని చూడలేదు" అన్నాను. ఆయన నవ్వి, "నిన్న మీరు ధర చెప్పినారు, ఈ రోజు విలువ చెప్పినారు" అన్నారు. సమగ్ర పాలసీనే తీసుకొన్నారు. చిన్న గీతలకు క్లెయిము చేయనని తనంతట తానే నిశ్చయించుకొని, కొంత మొత్తాన్ని తానే భరించుటకు ఒప్పుకొని, ఆ మిగులుతో ప్రయాణికుల ప్రమాద బీమాను చేర్పించుకొన్నారు.

ఇదే జవాబు అందరికీ సరిపోదు. చేతిలో కొంత పొదుపు ఉండి, యాభైవేలు విలువ చేయని కారులో ఒంటరిగా బజారు వరకు వెళ్లివచ్చే మనిషికి థర్డ్ పార్టీ బీమా, తన ప్రమాద బీమా చాలవచ్చును. సూత్రం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. పోయినా తట్టుకోగలిగినదానికి బీమా తగ్గించుకొనవచ్చును. తట్టుకోలేనిదానికి తగ్గించుకోరాదు. బండికి వయస్సు వచ్చునేగాని, దారిన పోయేవాని ప్రాణానికి, వెనుక సీటులోని మనిషి ప్రాణానికి తరుగుదల పట్టిక లేదు.

విద్యార్థులు ఈ రాత్రి తమ ఇంటి బండి పాలసీని బీరువా నుండి తీసి, అది ఏ రకపు పాలసీయో, గడువు ఎప్పటి వరకు ఉన్నదో, అందులో ఎవరెవరికి రక్షణ ఉన్నదో చదివి, ఇంటి పెద్దలకు వివరించవలెనని కోరుచున్నాను. వాణిజ్యశాస్త్రంలో అంతకన్న మంచి అభ్యాసం నాకు తోచుటలేదు.